కవరు మీది వ్రాత

మన పెద్దల కాలమున ఉమ్మడి కుటుంబములలో నొక యాచార ముండెడిది. తపాలా బంట్రోతు తెచ్చిన యుత్తరము లన్నియు ముందుగా ఇంటి యజమాని చేతికి పోవలయును. కోడలికి పుట్టింటినుండి వచ్చిన జాబైనను సరే, చదువుకొను కుమారునికి స్నేహితుడు వ్రాసిన కార్డైనను సరే, ఆయన చేతి మీదుగానే లోనికి రావలయును. కొందఱు యజమానులు కవరు చింపి చదివెడివారు. మర్యాద నెఱిగిన మఱికొందఱు చింపక, కవరు నిటునటు త్రిప్పి, ముద్రలోని యూరి పేరు చదివి, దస్తూరి గుర్తుపట్టి, లోనికి పంపెడివారు. ఎవరైన నాక్షేపించినచో, "మేము ఉత్తరమును చదువలేదు గదా" యని వారి సమాధానము. కాని నెలకు నాలుగు జాబులు ఒక్క యూరినుండియే వచ్చుచున్నవనియు, అవి వచ్చిన నాడెల్ల కోడలు కన్నీరు పెట్టుచున్నదనియు నెఱిగిన యజమానికి లోపలి మాటతో పని యేమి? కవరు చింపకయే ఆయన సగము చదివినాడు.

ఇరువదియొకటవ శతాబ్దమున అనేక ప్రభుత్వములు తమ ప్రజల నడిగినది ఈ కవరు మీది వ్రాతనే. టెలిఫోను కంపెనీలును, ఇంటర్నెట్టు కంపెనీలును తమ చందాదారు లందఱ వివరములను ఇన్ని నెలలపాటు తప్పక నిలువ యుంచవలయుననియు, పోలీసువారు కోరినపుడు చూపవలయుననియు శాసనములు పుట్టినవి. ఎవరు, ఎవరితో, ఏ దినమున, ఏ గంటకు, ఎంతసేపు, ఏ చోటనుండి - ఇవియే యా వివరములు. మాట యేమో వారికి అక్కఱలేదు. "మేము ఉత్తరమును చదువలేదు గదా" యను సమాధానము మరల వినవచ్చినది. ఈ కథ యే విధముగ నడచినదో, అందు మనము నేర్వవలసిన దేమో విచారించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా వస్తువును తెలిసికొందము. ఇంటర్నెట్టులో ప్రవేశించు పరికరమునకు కంపెనీ యొక సంఖ్య నిచ్చును. దానిని ఐ.పీ. అడ్రసు అందురు. పేరునుబట్టి యది ఇంటి నెంబరు వంటిదని తోచును గాని, పెక్కు సందర్భములలో నది సత్రములోని గది నెంబరు వంటిది. నిన్న యొకరు దిగిన గదిలో నేడు వేఱొకరు దిగుదురు. ఏ రాత్రి ఏ గదిలో నెవరుండిరో సత్రపు పుస్తకమును చూచినగాని తెలియదు. కంపెనీలు బిల్లు వేయుటకు వలసినంత కాలమే ఆ పుస్తకము నుంచుకొనెడివి. నెలకింత యని చందా యేర్పడిన పిమ్మట ఆ యవసరమును తగ్గినది. ఇక సెల్లు ఫోను సంగతి మఱొకటి. అది పని చేయవలయునన్న దగ్గఱి టవరుతో సంబంధము పెట్టుకొనవలయును. కావున ఫోనుండిన మనిషి యెక్కడ నుండెనో కొంత మేర కంపెనీ లెక్కలలో తనంత పడుచునే యుండును. ఈ పుస్తకమును చింపరాదు, ఈ లెక్కను తుడిచివేయరాదు అనుటయే మేము చెప్పుచున్న శాసనముల సారము.

రాజ్యము ప్రజల యుత్తరములలో తొంగిచూచుట క్రొత్త గాదు. ఇటలీ దేశభక్తుడైన మాజినీ లండనులో ప్రవాసియై యున్న కాలమున, 1844వ సంవత్సరమందు, తనకు వచ్చు జాబులు దారిలో తెఱువబడుచున్నవని యనుమానించెను. పరీక్షకై గసగసాలను, ఇసుక రేణువులను, వెండ్రుకలను కవరులలో పెట్టించి పంపించుకొనెను. జాబులు చేరినవి, లోపల నుంచినవి చేరలేదు. పార్లమెంటు సభ్యుడైన డంకూంబు జూను మాసమున ఈ యన్యాయమును సభ ముందు పెట్టెను. హోం మంత్రి సర్ జేమ్సు గ్రాహము వారెంటు వ్రాసి తపాలా కార్యాలయముచేత ఆ జాబులను తెఱిపించినట్లు బయటపడెను. ఇంగ్లండు దేశమంతయు మండిపడెను. పత్రికలు మంత్రిని పరిహసించినవి. మాజినీ జాబులనుండి తెలిసికొన్న కొన్ని సంగతులు పరదేశ ప్రభుత్వమునకు చేరినవని విచారణలో తేలెను. ఆ జూలై మాసముననే మాజినీతో నుత్తరప్రత్యుత్తరములు జరిపిన బాందియేరా సోదరులు కలాబ్రియాలో కాల్చి చంపబడిరి. ఆ రెంటికిని సంబంధము కలదని యానాడు పలువురు నమ్మిరి. విదేశపు జాబులను తెఱచుటకై తపాలా కార్యాలయమున చిరకాలముగ నుండిన రహస్య శాఖ ఆ యేడే మూతపడెను.

ఇక్కడ చదువరులు ఒక్క విషయమును గుర్తుంచుకొనవలయును. ఎంత నిందపాలైనను, గ్రాహము మంత్రి చేసినది పేరు వ్రాసి వారెంటు మీద సంతకము చేయుట. ఫలానివాని యుత్తరము, ఫలాని కారణము. ఆ పని తప్పో ఒప్పో తరువాత విచారింపవచ్చును. ఎవరు చేసిరో, ఎవరికి చేసిరో తెలియును. ఇప్పుడు మేము చెప్పబోవు శాసనములలో అట్టి పేరొకటి లేదు. నేరము జరుగకముందే, అనుమానము పుట్టకముందే, దేశములోని ప్రతి మనిషి కవరును నకలు తీసి యుంచుటయే వాని స్వభావము.

2004వ సంవత్సరము మార్చి 11వ తేదీన స్పెయిను రాజధానియైన మాడ్రిడులో రైళ్లలో బాంబులు ప్రేలి నూట తొంబదిమందికి పైగా మరణించిరి. ఆ వచ్చు నెలలోనే ఫ్రాన్సు, ఐర్లండు, స్వీడను, బ్రిటను దేశములు ఐరోపా సమాఖ్య యంతటను ఫోను, ఇంటర్నెట్టు వివరములను నిర్బంధముగ నిలువ యుంచవలయునని ప్రతిపాదించినవి. మరుసటి యేడు జూలై 7వ తేదీన లండనులో బాంబులు ప్రేలి 52 మంది నిరపరాధులు చనిపోయిరి. అప్పుడు సమాఖ్య యధ్యక్షత బ్రిటనుది. దుఃఖము పచ్చిగా నున్న దినములవి. సెప్టెంబరులో ప్రతిపాదన వచ్చెను. డిసెంబరు 14వ తేదీన ఐరోపా పార్లమెంటు 378 వోట్లతో దాని నంగీకరించెను. ప్రతికూలముగ వచ్చినవి 197, తటస్థులు 30. ఇన్ని దేశముల ప్రజల నంటు శాసనమును మూడు నెలలలోపల ముగించుట యపూర్వము. 2006 మార్చి 15వ తేదీన శాసనము స్థిరపడెను. ఆరు నెలలకు తక్కువ గాకుండ, రెండేండ్లకు మించకుండ, ప్రతి దేశమును తనకిష్టమైన గడువును నిర్ణయించుకొనవచ్చును. ఇంటర్నెట్టు విషయమున 2009 మార్చి వరకు వ్యవధి యొసగబడెను.

ఆ శాసనమును తొలుత కోర్టున కెక్కించినది ఐర్లండు ప్రభుత్వమే యని విన్న చదువరులు సంతోషింపవచ్చును, తొందరపడరాదు. ఐర్లండు వాదము ప్రజల గోప్యతను గూర్చినది కాదు. శాసనమునకు చూపిన యధికరణము తప్పని మాత్రమే యా ప్రభుత్వము వాదించెను. తన దేశములో నది యప్పటికే మూడేండ్ల గడువు పెట్టుకొని యుండెను! 2009 ఫిబ్రవరిలో ఆ వ్యాజ్యము వీగిపోయెను. ప్రజల పక్షమున పోరాడినది ప్రభుత్వములు కావు. డబ్లినులో డిజిటల్ రైట్స్ ఐర్లండ్ అను చిన్న సంఘమొకటి 2006లోనే దావా వేసెను. ఆస్ట్రియాలో పదకొండు వేలకు పైబడిన పౌరులు కోర్టు తలుపు తట్టిరి. జర్మనీలో 34 వేలకు పైబడిన జనులు రాజ్యాంగ న్యాయస్థానమునకు ఫిర్యాదు చేసికొనిరి.

జర్మనుల పట్టుదలకు కారణము కలదు. తూర్పు జర్మనీలో 1950 మొదలు 1990 వరకు స్టాసీ యను రహస్య పోలీసు శాఖ యుండెను. పొరుగువాడు పొరుగువానిని గూర్చి, కొన్ని యిండ్లలో భర్త భార్యను గూర్చి నివేదికలు వ్రాసిన కాలమది. ఆ శాఖ మిగిల్చిపోయిన కాగితములను వరుసగ పేర్చినచో నూటపది కిలోమీటర్లకు మించిన పొడవు. ఆ కట్టలు విప్పి తమ జీవితమును తామే చదువుకొన్న జనులకు, "నిలువ యుంచుటయే గాని చూచుట గాదు" అను మాట తేలికగ మ్రింగుడు పడదు. 2010 మార్చి 2వ తేదీన జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానము ఆ దేశపు చట్టమును కొట్టివేసి, అంతవరకు ప్రోగైన వివరములను వెంటనే తుడిచివేయవలయునని యాజ్ఞాపించెను. వివరములను నిలువచేయుట యెల్ల విధముల నిషిద్ధమని యా తీర్పు చెప్పలేదు. ఆ చట్టమున రక్షణలు చాలవనియు, తన్నెవరో గమనించుచున్నారను భావము జనుల స్వేచ్ఛను కుంచింపజేయుననియు చెప్పెను.

ఆ దేశముననే మాల్టె ష్పిట్స్ అను గ్రీన్ పార్టీ రాజకీయవేత్త యొకడు తన ఫోను కంపెనీ తనను గూర్చి యేమేమి దాచినదో చూడగోరి దావా వేసెను. తుదకు ఆఱు నెలల లెక్క ఆయన చేతికి వచ్చెను: 35,830 వరుసలు. 2011లో ఒక జర్మను పత్రిక ఆ వరుసలను ఆయన బహిరంగ ప్రసంగముల తేదీలతో జతపఱచి పటము మీద నడిపించి చూపెను. ఏ రైలులో ప్రయాణించెనో, ఎచ్చట నిద్రించెనో, ఏ వేళ మేల్కొనెనో, ఏ గంటలో ఎన్ని పిలుపులు వచ్చెనో కన్నులకు గట్టినట్లుండెను. ఒక్క మాటయు అందులో లేదు. ఐనను ఆయన స్నేహితులకు తెలియనిది ఆ పటమునకు తెలిసినది.

2014 ఏప్రిలు 8వ తేదీన లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము ఐర్లండు, ఆస్ట్రియా వ్యాజ్యములను కలిపి తీర్పు చెప్పెను. శాసనము మొదటినుండియు చెల్లదు! ఆ తీర్పు నడచిన త్రోవ తెలిసికొనదగినది. ఘోర నేరములతో పోరాడుట న్యాయమైన యుద్దేశమే యని న్యాయమూర్తు లొప్పుకొనిరి. కాని యా శాసనము నేరముతో నే మాత్రమును సంబంధము లేని జనులను సైతము చుట్టివేసినది. వైద్యుడు, వకీలు వంటి వృత్తి రహస్యము గలవారికిని మినహాయింపు లేదు. ఆ వివరములను ఎవరు, ఏ నేరమునకై, ఎవరి యనుమతితో చూడవచ్చునో చెప్పలేదు. ఆఱు నెలలేల, ఇరువదినాలుగు నెలలేల యనుటకు కొలత చూపలేదు. వివరములు ఐరోపాలోనే యుండవలయునను నిబంధన సైతము లేదు. పైగా ఆ వివరములన్నియు ఒకచోట చేర్చిన మనిషి యలవాట్లు, నివాసము, రాకపోకలు, స్నేహములు స్పష్టముగ తెలియగలవని న్యాయస్థానము గుర్తించెను. మన యింటి యజమాని కవరును త్రిప్పి చూచి యెఱిగినది కూడ నిదియే.

కథ ఇచ్చట ముగిసినచో బాగుండును. ఆ తీర్పు వచ్చి మూడు నెలలు గడచినంతనే బ్రిటిషు ప్రభుత్వము క్రొత్త బిల్లును తెచ్చెను. 2014 జూలై 10వ తేదీన ప్రకటన, 17వ తేదీన రాజాంగీకారము. వారము దినములలో నంతయు ముగిసెను. టోరీ పక్షపు డేవిడ్ డేవిసును, లేబరు పక్షపు టాం వాట్సనును పార్టీ భేదమును మఱచి దానిపై వ్యాజ్యమాడిరి. 2016లో డేవిసు మంత్రియయ్యెను. అయిన పిమ్మట ఆ వ్యాజ్యమునుండి తన పేరును తీసివేసికొనెను. అధికార పీఠము మీదనుండి చూచినపుడు కవరు వేఱుగ కనబడును గాబోలు. ఆ డిసెంబరు 21వ తేదీన లక్సెంబర్గు న్యాయస్థానము అందఱ వివరములను విచక్షణ లేక నిలువ యుంచు జాతీయ చట్టములును చెల్లవని చెప్పెను. కాని యప్పటికి నెలలోపలనే బ్రిటనులో మఱొక చట్టము పుట్టి యుండెను. జనులు ఏ యే ఇంటర్నెట్టు సేవలతో సంబంధము పెట్టుకొన్నారో యా లెక్కను పండ్రెండు నెలలవరకు కంపెనీలచేత నుంచుటకు అది యధికార మొసగెను. ఆ వివరములను కోరదగిన సంస్థల పట్టికలో గూఢచారి శాఖలతోపాటు ఆహార ప్రమాణముల సంస్థయు చోటు చేసికొనెను. ఉగ్రవాదుల పేర తెఱచిన తలుపు గుండ తరువాత నెవరెవరు ప్రవేశింతురో దీనివలన తెలియుచున్నది.

న్యాయస్థానము సైతము క్రమముగ కొన్ని తలుపులు వదలు చేసినది. 2020 అక్టోబరులో, దేశభద్రతకు నిజమైన ముప్పు కలిగినపుడు పరిమిత కాలమునకు, సమీక్షకు లోబడి, అందఱ వివరములను నిలువ యుంచవచ్చుననెను, ఐ.పీ. అడ్రసుల విషయమున మఱికొంత సడలింపు చూపెను. 2022 సెప్టెంబరులో జర్మనీ క్రొత్తగ చేసికొన్న చట్టమును కొట్టివేసెను గాని యా సడలింపులను తొలగింపలేదు. 2025లో జర్మనీలో కూడిన పాలక పక్షములు మూడు నెలల గడువుతో ఐ.పీ. అడ్రసులను నిలువ యుంచు చట్టమును చేయుదుమని తమ యొడంబడికలో వ్రాసికొన్నవి. ఇరువది యేండ్లు గడచినను వాదము ముగియలేదని దీనివలన నెఱుగవలయును.

నిలువ యుంచిన వస్తువు ఏమగునో రెండుదాహరణములు చెప్పెదము. ఆస్ట్రేలియా 2015లో రెండేండ్ల గడువుతో చట్టము చేసెను. విలేఖరుల వివరములను చూడవలసివచ్చినచో ప్రత్యేకమైన వారెంటు తీసికొనవలయునని యందొక రక్షణ పెట్టిరి. 2017 ఏప్రిలులో ఆ దేశపు ఫెడరల్ పోలీసు అధిపతి, తమ యుద్యోగి యొకడు వారెంటు లేకయే ఒక విలేఖరి ఫోను వివరములను చూచెనని బహిరంగముగ నొప్పుకొనెను. కంచెయే చేను మేసినదన్న మాట. రెండవది డెన్మార్కు. 2019లో ఆ దేశమున, పోలీసువారి యొద్దకు చేరిన ఫోను వివరములలో తప్పులున్నవని బయటపడెను. కంపెనీల లెక్కలను పోలీసుల పద్ధతికి మార్చు యంత్రము కొన్ని పిలుపులను జాఱవిడిచినది. మనిషి యుండిన చోటును తప్పుగ చూపిన సందర్భములును కనబడెను. పదివేల యేడువందల కేసులను తిరిగి పరిశీలింపవలసి వచ్చెను. రెండు నెలలపాటు టవరు లెక్కలను సాక్ష్యముగ వాడుట నిలిపివేసిరి. మనిషి యబద్ధమాడునేమో గాని యంత్రపు లెక్క యబద్ధమాడదని నమ్ము మనవంటివారు దీనిని మఱువరాదు.

ఇక మన దేశమునకు వత్తము. ఈ ప్రశ్న మనకు 2022లో పుట్టినది కాదు. ఉత్తర ప్రదేశములో ఖడక్ సింగు అను మనిషి 1941లో దోపిడి కేసున పట్టుపడి, సాక్ష్యము లేనందున విడువబడెను. ఐనను పోలీసువారు ఆయన పేర చరిత్ర పట్టిక నొకదానిని తెఱచిరి. ఇంటి చుట్టును రహస్యముగ కావలి, అర్ధరాత్రి తలుపు తట్టుట, ఎచ్చటికి పోయెనో ఎప్పుడు వచ్చెనో వ్రాసికొనుట - ఇట్లు యేండ్ల తరబడి జరిగెను. వ్యాజ్యము సుప్రీము కోర్టునకు చేరగా 1962 డిసెంబరులో ఆఱుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ యింటిపై పడుట తగదని యందఱు నంగీకరించిరి. కాని రాకపోకలను గమనించి వ్రాసికొనుటవలన ఏ హక్కునకును భంగము లేదని యెక్కువమంది తలచిరి.

అట్లు తలపనివారిద్దఱు. వారిలో తీర్పు వ్రాసినవాడు మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. న్యాయమూర్తి షా ఆయనతో నేకీభవించెను. సుబ్బారావుగారి వాదము సులభమైనది, లోతైనది. కాళ్లకు సంకెల వేసిననే స్వేచ్ఛ పోవుననుకొనుట పొరపాటు. ఎల్లప్పుడు తన్ను గమనించు కన్నొకటి యున్నదని యెఱిగిన మనిషి నడచుచున్నను స్వేచ్ఛగ నడచుట లేదు. గోప్యత యను మాట రాజ్యాంగములో లేకున్నను వ్యక్తి స్వేచ్ఛలో నది ముఖ్యమైన భాగము. కావున ఆ నిబంధన యంతయు చెల్లదని ఆయన వ్రాసెను. ఆనాడది అల్పసంఖ్యాకుల యభిప్రాయము. ఆయన 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియై, 1976లో కాలధర్మము చెందెను. తన మాట నెగ్గుట చూడలేదు. 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత ప్రాథమిక హక్కని తేల్చి, సుబ్బారావుగారు చెప్పినదే సరియైన త్రోవ యనిరి. ఏబదినాలుగేండ్లు పట్టినది.

అంతటి తీర్పును పొందిన దేశమున కవరు మీది వ్రాత గతి యేమి? టెలిఫోను, ఇంటర్నెట్టు కంపెనీల లైసెన్సు షరతులలో పిలుపుల, ఇంటర్నెట్టు వాడుక లెక్కలను ఒక్క యేడు నిలువ యుంచవలయునని యుండెను. 2021 డిసెంబరులో ప్రభుత్వ టెలికాం శాఖ ఆ గడువును రెండేండ్లు చేసెను. 2022 ఏప్రిలు 28వ తేదీన కంప్యూటరు ప్రమాదముల నరయు కేంద్ర సంస్థ మఱొక యుత్తరువు వెలువరించెను. డేటా కేంద్రములును, వీ.పీ.ఎన్. సేవల నందించువారును తమ చందాదారుల పేర్లు, చిరునామాలు, ఐ.పీ. అడ్రసులు, సేవ నెందుకు తీసికొనిరో యా కారణము, ఇవన్నియు చందాదారుడు మానుకొన్న తరువాత సైతము ఐదేండ్లుంచవలయును. కంప్యూటరు లెక్కలను 180 దినములు మన దేశపు పరిధిలో నుంచవలయును. వీ.పీ.ఎన్. అనునది, ఇంటర్నెట్టులో మనము పోవు త్రోవను పరులు చూడకుండ కప్పు తెర. తెర నమ్మువాడు కొన్నవారి పట్టీని వ్రాసి యుంచవలయునన్న తెర యేల? ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ కంపెనీలు మన దేశములోని తమ సర్వరులను తొలగించుకొని పోయినవి.

ఐరోపా శాసనము ఎంత లోపభూయిష్ఠమైనను పార్లమెంటులో చర్చింపబడి, వోట్లు లెక్కింపబడి పుట్టినది. మనకు వచ్చినది లైసెన్సు షరతుగ నొకటి, శాఖ యుత్తరువుగ నొకటి. ఇందు వివరములను చూచుటకు ముందు న్యాయమూర్తి యనుమతి కావలయునను నియమము లేదు. 2023లో వ్యక్తిగత వివరముల రక్షణకై మన పార్లమెంటు చట్టమొకటి చేసెను గాని, ప్రభుత్వ సంస్థలను దానినుండి మినహాయించు నధికారమును కేంద్ర ప్రభుత్వమునకే యొసగెను. పుట్టస్వామి తీర్పు మూడు ప్రశ్నలు వేయుమన్నది: చట్టముండెనా, న్యాయమైన ప్రయోజన ముండెనా, ప్రయోజనమునకు తగిన కొలత యుండెనా? కొలతను గూర్చిన మూడవ ప్రశ్నను ఈ రెండేండ్ల, ఐదేండ్ల గడువుల విషయమున సమగ్రముగ నడిగి జవాబు పొందినవారు మనలో లేరు.

ఎదుటి పక్షమువారి మాటను మేము తేలికగ త్రోసివేయము. పసిబిడ్డలను హింసించి, ఆ చిత్రములను ఇంటర్నెట్టులో పంచుకొను క్రూరులున్నారు. పోలీసువారి చేతికి చిక్కునది ఐ.పీ. అడ్రసొక్కటే. సత్రపు పుస్తకము చింపబడినచో ఆ బిడ్డను కాపాడు దారి మూసికొనిపోవును. 2011లో అమెరికా ప్రతినిధుల సభలో ఐ.పీ. అడ్రసులను పండ్రెండు నెలలుంచవలయునను బిల్లు ఈ కారణముననే వచ్చెను. అది చట్టము కాలేదు. ఆడుబిడ్డల ఫోటోలను మార్చి బెదిరించువారు, వృద్ధుల బ్యాంకు సొమ్మును ఫోను మీద దోచుకొనువారు మన యూళ్లలోను కలరు. వారిని పట్టవలదని చెప్పువాడు సంస్కర్త గాడు.

కాని పట్టుటకు రెండు త్రోవలున్నవి. అనుమానము పుట్టిన క్షణమున, ఫలాని వివరములను తుడిచివేయవలదని కంపెనీకి తాఖీదు పంపి, పిదప కోర్టు యనుమతితో తెఱచి చూచుట యొకటి. 2001లో బుడాపెస్టులో జరిగిన అంతర్జాతీయ యొడంబడిక ఈ త్రోవనే చూపి, తొంబది దినముల గడువు పెట్టినది. అమెరికా చట్టములో నిట్టిదే కలదు. అందఱ వివరములను ముందే మూట గట్టి యుంచుట రెండవది. మొదటిది దొంగ జాడ కనబడినచోట ముగ్గు చల్లుట; రెండవది ఊరందఱ పాదముల కొలతను తీసి యుంచుట. మొదటిది కొన్ని కేసులలో ఆలస్యమగుననుట నిజమే. ఆ నష్టమును కాదనుట లేదు. ఐ.పీ. అడ్రసు ఎవరిదను నొక్క వివరమును కొలది వారములుంచుటకును, మనిషి తిరిగిన త్రోవలను రెండేండ్లుంచుటకును భేదమున్నదని మాత్రము చెప్పుచున్నాము. ఎలుకలు చేరినవని యిల్లు తగులబెట్టుకొనరాదు. ఎలుకలు లేవనియు ననరాదు.

"తప్పు చేయనివానికి భయమేల?" యని మన యిండ్లలో పెద్దలు తఱచుగ నందురు. గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడుముకొన్నాడను సామెతను కూడ జోడింతురు. మేము వారిని వినయముతో నొక్కటి యడిగెదము. భర్త కొట్టుచున్నాడని రహస్యముగ సహాయ సంఘమునకు ఫోను చేయు స్త్రీ యే తప్పు చేసినది? తన కులము కాని యువకుని పెండ్లాడదలచిన బాలిక, పై యధికారి లంచమును పత్రికకు తెలుపు గుమాస్తా, క్షయ యనియో మనోవ్యాధి యనియో యెవరికిని చెప్పక వైద్యుని వెదకుకొను రోగి - వీరు తడుముకొనునది భుజములు గావు, తమ బ్రదుకు. దాచుకొనవలసినదెల్ల దోషము కాదు. నిన్న మంచిదని యెంచిన పని రేపటి యధికారమునకు చెడ్డది కావచ్చును. పట్టీ మాత్రము ప్రాతదే యుండును. మాజినీ తన దేశమున దేశభక్తుడో, రాజద్రోహియో, జాబు తెఱచినవాని బట్టి యుండెను.

కావున మేము గృహస్థులను కోరునది ఒక్కటే. ఇట్టి యుత్తరువు వచ్చినపుడు, ఉగ్రవాదమో శిశురక్షణయో యను పెద్ద మాటతో తృప్తిపడక, ఐదు చిన్న మాటల నడుగవలయును. ఏ వివరము? ఎన్నాళ్లు? ఎవరు చూతురు? చూచుటకు ముందు ఏ న్యాయమూర్తి యనుమతించును? తప్పుగ చూచినవానికి శిక్ష యేమి? జవాబు చెప్పగల ప్రభుత్వము ఈ ప్రశ్నలకు కోపగింపదు.

అట్లే మన యిండ్లను కూడ నొకసారి చూచుకొందము. నేడు తపాలా బంట్రోతు రాక తగ్గినది. కోడలి ఫోను, కూతురి ఫోను బల్లమీద నున్నవి. ఎవరు పిలిచిరో, ఎన్నిసార్లు పిలిచిరో త్రిప్పి చూచు చేతులు మన యిండ్లలో నింకను కలవు. ఇంట నలవడిన చూపునే మనము రాజ్యములో క్షమించుచున్నాము. సుబ్బారావుగారి తీర్పు ప్రభుత్వమును గూర్చి వ్రాసినదే. ఐనను దానిని మన గడపలోపల చదువుకొనుటకు కోర్టు యనుమతి యక్కఱలేదు.